పాట విని మనిషి స్థాయి చెప్పేస్తారా?

సుబేదారి_శ్రీను
మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి కమిటీలో పెద్ద లొల్లి అయింది. నిమజ్జనం రోజు మా ఊరి డప్పు బృందాన్ని పిలుద్దామని నేనన్నాను. గ్రూపులో ఒకాయన "మనది డీసెంట్ అపార్ట్‌మెంట్, లేబర్ కాలనీ కాదు" అని పెట్టాడు. ఇంకొకావిడ కీబోర్డు, ఫ్లూట్ పెట్టి పాత మెలోడీలు పాడిద్దాం, పిల్లలకు మంచి టేస్ట్ అలవాటవుతుంది అంది. ఎక్కువ మంది ఆమె వైపే. పాత మెలోడీలంటే నాకూ ఇష్టమే, ఆ గొడవ లేదు. కానీ ఆ గ్రూపులో సగం మంది పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. చిన్నప్పుడు డప్పుల ముందు ఎగిరినవాళ్ళే. జీతం పెరిగితే చెవి మారుతుందా? లేకపోతే మారినట్టు నలుగురికీ కనపడాలా?

కాజీపేట_డీజిల్
డబ్బుకూ పాటకూ లంకె పెట్టకండి. నేను గ్యాంగ్‌మన్ కొడుకుని, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పక్కింట్లో తమిళ గార్డు, వెనకింట్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్, ఎదురుగా బిహార్ వాళ్ళు. హిందీ, తమిళం, ఇంగ్లీషు పాటలన్నీ గోడ దూకి మా ఇంట్లోకి వచ్చేవి. మా నాన్న జీతం ఎంతని? అయినా రఫీ అంటే నాకు ప్రాణం. ఎవరి చెవి వాళ్ళది.

లేబర్_కాలనీ_పోరడు
ఆ డీసెంట్ సార్‌ని ఒకసారి మా కాలనీకి పంపించండి అన్నా. మా తాత వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. షిఫ్ట్ దిగి వచ్చి భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. చదువు లేదు, కానీ శ్రుతి కొంచెం తప్పినా పాట ఆపించి మళ్ళీ మొదటి నుంచి పాడించేవాడు. టేస్ట్ అంటే అది కాదా?

సుబేదారి_శ్రీను
@కాజీపేట_డీజిల్ అన్నా, మీరు చెప్పిందే నా మాటకు సాక్ష్యం. క్వార్టర్స్ గోడల వల్లే కదా రఫీ మీ దాకా వచ్చింది. అదే జీతం మీద మీ నాన్న ఏ మారుమూల పల్లెలోనో ఉంటే వచ్చేదా?

కాజీపేట_డీజిల్
అది ఉద్యోగం వల్ల వచ్చింది, డబ్బు వల్ల కాదు కదా. సరే, కానివ్వండి. వినడానికి రెడీగానే ఉన్నాను.

రిటైర్డ్_లెక్చరర్
సోషియాలజీ పాఠం చెప్పిన అలవాటు కొద్దీ రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో పియెర్ బోర్దియో అనే ఆయన 1960ల్లో పన్నెండు వందల మందికి పైగా ప్రశ్నలు వేసి ఇదే పరిశీలించాడు. 1979లో పుస్తకంగా వేశాడు. అధ్యాపకులు, కళాకారులు ఎక్కువగా బాహ్ అనే శాస్త్రీయ సంగీతకారుడి కీబోర్డు రచనల వైపు మొగ్గారు. కూలీలు, చిన్న గుమాస్తాలు, చిన్న దుకాణదారులు అందరికీ తెలిసిన స్ట్రాస్ వాల్ట్జ్ అనే నాట్య సంగీతం వైపు. ఆదాయం ఒక్కటే కాదు, చదువు, పుట్టిన ఇల్లు కలిసి రుచిని తయారుచేస్తాయని ఆయన వాదన. నాది నాకు నచ్చింది అనుకుంటాం. ఆ నచ్చడం వెనక ఇల్లూ బడీ ఉంటాయి. పైవర్గం తన రుచిని "మంచి రుచి"గా నిలబెట్టి, కిందివాళ్ళను దూరం పెట్టడానికి వాడుకుంటుందని కూడా చెప్పాడు. శ్రీనుగారి గ్రూపులో జరిగింది ఈ రెండోది.

అయితే ఫ్రాన్స్ లెక్క మనకు పూర్తిగా అతకదు. మన దగ్గర వాయిద్యమే కులానికి కట్టేసి ఉంది. డప్పు మాదిగలది, పెళ్ళి సన్నాయి డోలు మంగలివాళ్ళది, ఒగ్గు కురుమలది, జమిడిక బైండ్లవాళ్ళది, కిన్నెర డక్కలివాళ్ళది. ఏ ఊరు ఎవరి మిరాశో (వంశపారంపర్య హక్కో), పంట మీద ఎవరికెన్ని గింజలో ముందే రాసి పెట్టినట్టుండేది. అందుకే ఇక్కడ "ఈ పాట నాకు నచ్చదు" అన్న మాటలో పాట ఎంత ఉంది, పాడే మనిషి ఎంత ఉన్నాడు అని అడగాల్సి వస్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందరూ వర్గం, కులం అంటున్నారు, నా బాధ వేరే. నేను నర్సుని. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటే బరాత్ డీజే. కిటికీ అద్దాలు అదురుతాయి. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటొద్దని 2000 నుంచి రూల్స్ ఉన్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకే పెట్టొద్దు. ఎవరు పాటిస్తున్నారు? నాకు జానపదం మీద కోపం లేదు, నిద్ర కావాలి.

లేబర్_కాలనీ_పోరడు
సిస్టర్, డప్పు వేరు, డీజే వేరు. డప్పు పది నిమిషాల్లో మీ గల్లీ దాటిపోతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మా గల్లీలో దాటిపోదు తమ్ముడూ, మా ఇంటి ముందే ఆగి ఎగురుతారు 🙂

మట్టెవాడ_మేస్త్రి
సిస్టర్ చెప్పింది నిజమే. ఒక్క మాట మాత్రం కలుపుతాను. లక్షలు పెట్టి ఫంక్షన్ హాల్ తీసుకున్నవాళ్ళు లోపల ఇంతకంటే పెద్ద బాక్సులు పెడతారు. ఏసీ, మూసిన తలుపులు, దూరంగా పార్కింగ్. ఎవరికీ వినపడదు. హాల్ కిరాయి కట్టలేనివాడు ఇంటి ముందు రోడ్డు మీద టెంట్ వేసి పెళ్ళి చేస్తాడు. మోత ఇద్దరిదీ ఒకటే. పోలీసు ఫోన్ మాత్రం రోడ్డు మీద పెళ్ళికే వస్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా పదింటికి ఆపాల్సిందే.

మట్టెవాడ_మేస్త్రి
ఆపాల్సిందే. అందులో మనిద్దరిదీ ఒకటే మాట.

సిరిసిల్ల_సాంచ
పాటకు పనితో సంబంధం ఉంది, దీని గురించి ఎవరూ అనట్లేదు. మా తాత మగ్గం గుంటలో కూర్చొని నేసేవాడు. చెయ్యి, కాలు ఆడే లయలోనే తత్వాలు పాడుకునేవాడు, పక్క మగ్గం ఆయన అందుకునేవాడు. నేను కొన్నేండ్లు మహారాష్ట్రలోని భీమండిలో, తర్వాత ఇక్కడ సిరిసిల్లలో సాంచలు (కరెంటు మగ్గాలు) నడిపాను. షెడ్డులో పన్నెండు గంటలు. పక్క మనిషితో మాట్లాడాలంటే సైగలే, లేకపోతే చెవిలో నోరు పెట్టి అరవాలి. అక్కడ మెల్లగా సాగే పాట పెడితే ఒక్క మాట వినపడదు. బీట్ గట్టిగా ఉండే పాటలే ఇయర్‌ఫోన్‌లో చెవికి అందుతాయి. పొద్దంతా అవే. మా పోరగాళ్ళ సెల్‌ఫోన్ చూసి "ఏం పాటలురా ఇవి, గోల" అంటారు చదువుకున్న చుట్టాలు. నిశ్శబ్దంలో కూర్చొని పనిచేసేవాడికి మెల్లటి పాట నచ్చడం సులువు. సాంచల మధ్య ఉండి చూడండి.

కళ్యాణి_రాగం
సాంచ అన్న పోస్టు చదివి నా సంగతి రాయాలనిపించింది. నేను వరంగల్‌లో ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నాను. మా నాన్న ఆటో నడుపుతారు. సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్ళు. ఫీజు భారం కాదు. నాకు ఖరీదైంది సాధన చేసుకునే చోటు. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో తమ్ముడి చదువు, ఇంకో గదిలో టీవీ, వంట. మొదటి పాఠాలైన సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడాలంటే రోజూ గంటైనా ఎవరూ కదిలించని చోటు కావాలి. తెల్లవారుజామున పాడితే పక్కింటివాళ్ళు గోడ కొడతారు. నాతో చేరి మధ్యలో మానేసినవాళ్ళలో గొంతు లేనివాళ్ళు తక్కువ, చోటు లేనివాళ్ళు ఎక్కువ.

కర్ణాటక సంగీతం పెద్దింటివాళ్ళదే అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. పెళ్ళి పందిట్లో సన్నాయి పట్టే తాతలకు రాగాలు నాకంటే చాలా ఎక్కువ తెలుసు. వాళ్ళను పందిరి మూలన కూర్చోబెడతారు, తాళి కట్టేటప్పుడు "వాయించండి" అని అరుస్తారు. అదే రాగం సభలో పాడితే శాలువా.

గాజుల_రజిత_జగిత్యాల
మా ఇంట్లో పాట దుబాయ్ నుంచి వచ్చింది. నాన్న మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ తెచ్చాడు. వాడకట్టులో మా ఇంటికే మొదట వచ్చింది. అప్పటిదాకా మమ్మల్ని పలకరించనివాళ్ళు కూడా సాయంత్రం మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. అమ్మ ఖాళీ క్యాసెట్‌లో మా మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చి పోయేవాళ్ళ చేతికిచ్చి నాన్నకు పంపేది. ఆయన అదే క్యాసెట్ మీద తన మాటలు నింపి పంపేవాడు. ఖాళీ క్యాసెట్ కొనడానికి డబ్బులు లేనప్పుడు పాటల క్యాసెట్ మీదే మాటలు ఎక్కించేవాళ్ళం. అందుకే నాకు కొన్ని సినిమా పాటలు సగం వరకే తెలుసు. మిగతా సగంలో అమ్మ "వడ్లు అమ్మినం, అప్పు ఇంక ఇంత మిగిలింది" అని చెబుతుంటుంది.

కాజీపేట_డీజిల్
రజితక్కా, ఆ క్యాసెట్లు ఉంటే పారేయకండి. బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

రిటైర్డ్_లెక్చరర్
రేడియో సంగతి కూడా చెప్పుకోవాలి. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం రుచిని చెడగొడుతున్నాయని ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా చేశాడు. జనం రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టి సినిమా పాటలను మళ్ళీ తీసుకురావాల్సి వచ్చింది. లేబర్ కాలనీ తమ్ముడి తాతగారి హార్మోనియంకూ అదే గతి. 1940 నుంచి ఆకాశవాణి దాన్ని నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. భజన మండళ్ళలో, నాటకాల్లో దాని మీదే బతికిన కళాకారులు ఆ ముప్పై ఏళ్ళూ రేడియో గడప బయటే. ఏది మంచి సంగీతమో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు తేల్చేశారు, మిల్లు కార్మికుడిని ఎవరూ అడగలేదు.

లేబర్_కాలనీ_పోరడు
సార్, ఇది తెలియదు నాకు. మా తాతకు కూడా తెలిసుండదు. తెలిస్తే రేడియో పగలగొట్టేవాడు.

గోదావరిఖని_ఎనిమిదో_కాలనీ
మా దగ్గర పాటకు బొగ్గుబాయి పని, షిఫ్ట్ సైరన్ ముడిపడి ఉన్నాయి. 1972లో విప్లవ పాటల బృందం జన నాట్య మండలి మొదలైంది. గద్దర్ గొంగడి కప్పుకొని గజ్జె కట్టి పాడాడు. ఒగ్గు కథ, బుర్రకథ, యక్షగానం బాణీలే తీసుకొని కూలి గురించి, దొర గురించి కొత్త మాటలు పెట్టారు. మా నాన్న లాంటి బొగ్గుబాయి కార్మికులకు సినిమా పాట కంటే అవే దగ్గర. అప్పట్లో ఆ పాట నోట వినపడితే పోలీసుల భయం. ఆఫీసర్ల కాలనీలో పిల్లలను వాటి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. 2002లో తెలంగాణ ఉద్యమంలో ధూంధాం పాటల సభలు మొదలయ్యాక ఆ బాణీలే స్టేజి మీదికి ఎక్కాయి. అదే ఆఫీసర్ల కాలనీవాళ్ళు ముందు వరసలో కూర్చొని చప్పట్లు కొట్టారు. 2024లో రాష్ట్ర గీతమైన "జయ జయహే తెలంగాణ" రాసిన అందెశ్రీ గొడ్లు కాసినవాడు, తాపీ పని చేసినవాడు. బడికి పోనివాడి మాటకు ఇప్పుడు ప్రతి బడిలో పిల్లలు లేచి నిలబడుతున్నారు. అంటే రుచి మారుతుంది. అధికారం ఎటు మళ్ళితే రుచి అటు మళ్ళుతుంది, నేను చూసింది ఇదే.

హన్మకొండ_కోడర్
ఇప్పుడు ఆ గీతలన్నీ పోయాయనిపిస్తోంది. మా టీమ్‌లో పాటల లిస్టు చూడండి, మంగ్లీ పాట, తర్వాత ఏదో కొరియన్ పాట, తర్వాత త్యాగరాజ కృతి. యూట్యూబ్‌లో కరీంనగర్, జగిత్యాల కుర్రాళ్ళు తీసిన జానపదాలకు కోట్లలో వ్యూస్. పెళ్ళి సంగీత్‌లో ఫోక్ డ్యాన్స్ లేకపోతే వెలితి. ఫోన్ అందరి చేతుల్లోకీ వచ్చింది, డేటా చౌక. ఇంక వర్గం ఎక్కడ?

రిటైర్డ్_లెక్చరర్
కోడర్ గారూ, అమెరికాలో రిచర్డ్ పీటర్సన్ 1990ల్లో సరిగ్గా ఇదే చూపించాడు. పైవర్గం వాళ్ళు శాస్త్రీయ సంగీతం ఒక్కటే వినడం మానేసి అన్ని రకాలూ వింటున్నారని. నా ప్రశ్న వేరే. మీ టీమ్‌వాళ్ళు జానపదాన్ని రెండు గంటలు ఎత్తుకొని దించేయగలరు. మరునాడు ఆఫీసులో మీ స్థాయి అలాగే ఉంటుంది. ఆ పాటలో పుట్టినవాడికి దించే వీలుందా?

డప్పు_ఇంటి_బిడ్డ
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. లెక్చరర్ సార్ అడిగిన దానికి నేను జవాబు చెప్పాలి.

మా నాన్న డప్పు కొడతాడు. జనగామ దగ్గర ఊరు. కొట్టే ముందు గడ్డి మంట మీద తోలు కాచి, వేలితో మీటి, మోత సరిపోయిందో లేదో చూస్తాడు. ఎడమ చేతిలో సిటికెన పుల్ల, కుడి చేతిలో సిర్ర అనే లావు కర్ర. పెళ్ళికి ఒక దెబ్బ, దేవర ముందు ఒకటి, శవం ముందు ఇంకొకటి. కళ్ళు మూసుకొని విన్నా ఊరివాళ్ళకు ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఇంత విద్య ఉంది. కానీ ఒకప్పుడు ఊళ్ళో ఎవరు చనిపోయినా పిలిస్తే పోవాల్సిందే. ఇంట్లో జ్వరమున్నా సరే. కూలి అడగకూడదు, ఇచ్చింది తీసుకోవాలి. భోజనం అందరూ తిన్నాక, వేరేగా. మా తాత దాన్ని వెట్టి అనేవాడు, కళ అనలేదు.

అందుకే మా వాడలో కొంతమంది డప్పు ముట్టమని తీర్మానం చేసుకున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టను. ఇంకొంతమంది 1994లో ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగల దండోరా ఉద్యమం వచ్చాక అదే డప్పును భుజానికెత్తుకొని రోడ్డు మీదికొచ్చారు, మాది మాకు గౌరవం అని. నేను వాళ్ళతోనూ ఉన్నాను. మా నాన్న రెండూ చూశాడు. ఇప్పుడు చావుకు పోడు, పెళ్ళిళ్ళకూ జాతరలకూ పోతాడు, ముందే ధర మాట్లాడుకుంటాడు.

నేను బీటెక్ హాస్టల్‌లో ఉన్నప్పుడు ఏం పాటలు ఇష్టమని అడిగితే ఇంగ్లీషు బ్యాండ్ల పేర్లు చెప్పేవాణ్ణి. అవీ నాకు ఇష్టమే, అబద్ధం కాదు. కానీ డప్పు పేరెత్తలేదు. పేరెత్తితే తర్వాత వచ్చే ప్రశ్న ఏంటో తెలుసు. కోడర్ అన్న డప్పు పాట పెట్టుకుంటే కూల్. నేను పెట్టుకుంటే "ఓ, మీరు..." అని ఆగిపోతారు. ఫోన్ అందరికీ వచ్చింది నిజమే. ఆ ఆగిపోవడం పోలేదు.

హన్మకొండ_కోడర్
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ. నీ మాట సరైంది. ఫోన్‌తో వినే వీలు మాత్రమే అందరికీ సమానమైంది.

దర్గా_రోడ్_ఖవ్వాల్_ప్రేమి
కాజీపేట దర్గా ఉర్సుకు రండి ఒకసారి. ఖవ్వాలీ రాత్రి కూలివాళ్ళు, డాక్టర్లు, హిందువులు, ముస్లింలు ఒకే చాప మీద కూర్చుంటారు. పల్లెల్లో పీరీల పండగ (మొహర్రం) నాటి అసొయ్ దూలా పాటా ఆటా కూడా అంతే. పాట మనుషులను విడదీయడమే కాదు, కలుపుతుంది కూడా.

డప్పు_ఇంటి_బిడ్డ
అన్నా, వస్తాను. కలపడం నాకూ తెలుసు. మా ఊరి పీరీల ముందు కొట్టేది మా నాన్నే.

సుబేదారి_శ్రీను
మధ్యలో మా సంగతి. నిన్న మళ్ళీ మీటింగ్ అయింది. కీబోర్డు టీమ్ పాతిక వేలు అడిగితే ఎవరూ బేరం ఆడలేదు. డప్పు బృందం ఆరుగురికి కలిపి పన్నెండు వేలు అన్నారు. "డప్పుకు అంతా?" అన్నారు. ఊరి నుంచి ఆటో, రోజంతా ఎండలో నడక, ఆరుగురు మనుషులు అని లెక్క చెప్పాను. చివరికి రెండూ పెట్టడానికి ఒప్పుకున్నారు. భోజనం అందరితో పాటు అదే బంతిలో అని మినిట్స్‌లో రాయించాను.

మట్టెవాడ_మేస్త్రి
మంచి పని చేశావు శ్రీనన్నా. అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వు. నిమజ్జనం రోజు వాళ్ళకు నాలుగు చోట్ల నుంచి పిలుపు ఉంటుంది.

బతుకమ్మ_పద్మక్క
ఆడవాళ్ళ పాట గురించి ఎవరూ రాయలేదేంటి? మా అమ్మ నాటు వేస్తూ పాట కట్టేది. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, నడుము నొప్పి తెలియకుండా మడి అయిపోయేది. ఆ పాటలే కొన్ని మాటలు మారి బతుకమ్మలో ఉయ్యాలగా వచ్చేవి. వాయిద్యం అక్కర్లేదు, చప్పట్లే తాళం. ఇప్పుడు నాటు గుత్తకిస్తున్నారు, బిహార్, బెంగాల్ నుంచి కూలీలు వచ్చి రోజులో ఎకరాలు నాటేస్తున్నారు. కలుపుకు గడ్డి మందు. పదిమంది ఆడవాళ్ళు ఒకే మడిలో కలిసి ఉండే పని పోయింది, దానితో పాట నేర్చుకునే బడి పోయింది. నా బిడ్డకు పాటలు రావు. వాళ్ళ గల్లీలో బతుకమ్మకు డీజే పెడతారు. దానికి నా బిడ్డను ఎందుకు అనాలి? నేర్చుకునే చోటు మేమే ఇవ్వలేదు.

ఇంకొకటి. యూట్యూబ్‌లో మా అమ్మ పాడిన పాట లాంటిదే విన్నాను, చరణం చరణం అదే. రచన అన్న చోట "జానపదం" అని ఉంది. పాడినవాళ్ళకు, సంగీతం చేసినవాళ్ళకు, తీసినవాళ్ళకు పేర్లున్నాయి. నాట్లలో కట్టినవాళ్ళకు పేరూ లేదు, పైసా లేదు.

కళ్యాణి_రాగం
పద్మక్కా, మీ అమ్మగారు ఇప్పుడు పాడగలరా?

బతుకమ్మ_పద్మక్క
గొంతు వణుకుతుంది కానీ చరణం తప్పదు.

కళ్యాణి_రాగం
అయితే నేను వస్తాను. నొటేషన్ నాకు వచ్చు. ఆమె పాడితే మాటలతో పాటు స్వరాలు కూడా రాసి పెడదాం. ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో అన్నీ పైన రాద్దాం.

సిరిసిల్ల_సాంచ
మా తాత తత్వాలు కొన్ని మా చిన్నాయనకు వస్తాయి. ఆయనవి కూడా రాస్తావా చెల్లె? సిరిసిల్ల దూరమనుకుంటే నేనే తీసుకొస్తా.

కళ్యాణి_రాగం
తీసుకురండి అన్నా. దసరా సెలవుల్లో ఖాళీ.

కాజీపేట_డీజిల్
నా దగ్గర మంచి మైక్ ఉంది, ఇస్తాను. వచ్చే ముందు రోజు మెసేజ్ పెట్టండి, షిఫ్ట్ మార్చుకుంటాను.